ఢిల్లేశ్వరి గోడ చదివిన రోజు

ఒక బడిలో చదువు ఎలా చెబుతున్నారో తెలుసుకోవాలంటే పెద్దమాస్టారి గదిలోకి వెళ్లకండి. అక్కడ కుర్చీ వేస్తారు, కొబ్బరి బొండాం కొట్టిస్తారు, ఫైలు చూపిస్తారు. మూడూ బాగానే ఉంటాయి. మీరు నేరుగా తరగతి గదిలోకి వెళ్లి బెంచీ కాళ్ల దగ్గర గచ్చు చూడండి. వరసగా వేసిన బెంచీలు ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటే కాళ్ల కింద గచ్చు గుంటలు పడుతుంది. గుండ్రంగా వేసిన బెంచీల కింద గుంటలుండవు, ఈడ్చిన గీతలుంటాయి. ఈ గీతలు అధికారి వచ్చిన రోజువి.

ఆ గచ్చు ఇరవై ఏళ్లకు పైగా ఊడ్చాను కాబట్టి చెబుతున్నాను.

నేను ఆయాని. ఉద్దానంలో, సముద్రపు హోరు వినిపించే ఒక ఊళ్లో, ఆరు, ఏడు, ఎనిమిది తరగతులున్న బడిలో పనిచేశాను. అంతకుముందు మా ఆయన అక్కడే చేసేవాడు. కిడ్నీ జబ్బుతో ఆయన పోయాక ఆ చీపురూ, గంట కొట్టే ఇనుప కడ్డీ నా చేతికొచ్చాయి. అప్పటికి నాకు అక్షరం రాదు. గంట కొట్టడానికి గడియారం ముల్లు తెలిస్తే చాలు.

ఇప్పుడు నా చోట చేరిన అమ్మాయి ఇంటర్ చదివింది. ఆమెకూ, కొత్తగా వచ్చే టీచర్లకూ పనికొస్తాయని ఇవి రాస్తున్నాను. మీ అంత చదువుకున్నవాళ్లకి నేను చెప్పేదేముంటుందంటారా? మీరు పాఠం చెప్పేటప్పుడు పిల్లల్ని మాత్రమే చూస్తారు. నేను గుమ్మంలో నిలబడి మిమ్మల్నీ పిల్లల్నీ కలిపి చూశాను.

శిక్షణ సంచి

మా టీచర్లు ఏటా టెక్కలికో, పలాసకో శిక్షణకి వెళ్లేవారు. వచ్చేటప్పుడు ఒక గుడ్డసంచి, ఒక పుస్తకం, ఒక కొత్త పద్ధతి తెచ్చేవారు. సంచి ఇంటికి కూరగాయలకి వెళ్లేది. పుస్తకం బీరువాలోకి వెళ్లేది. పద్ధతి మాత్రం నా దగ్గరికొచ్చేది, ఎందుకంటే మేకు కొట్టేదాన్ని, దారం కట్టేదాన్ని, బెంచీ తిప్పేదాన్ని నేనే.

ఒక ఏడాది పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టాలన్నారు. ఇంకో ఏడాది గోడలకి చార్టులు కట్టాలన్నారు, పిల్లల కంటికి అందే ఎత్తులో. కంటికి అందితే చేతికీ అందుతుంది, చేతికి అందితే చిరుగుతుంది. అందుకని మా పెద్దమాస్టారు వాటిని నా చేత దూలానికి దగ్గరగా కట్టించారు. పిల్లలు మెడ వెనక్కి వాల్చి జంతువుల పేర్లు నేర్చుకున్నారు. బల్లికి మాత్రం బాగా అందేవి.

తరవాత ఫోన్లొచ్చాయి. చేసిన ప్రతిదానికీ ఫొటో తీసి పంపాలి. అప్పట్నుంచి మా బడిలో పద్ధతులు బాగా నడిచాయి, ఫొటోల్లో. ఏడో తరగతిని ఒకసారి గుండ్రంగా కూర్చోబెట్టి, నల్లబల్ల మీద తేదీ చెరిపి చెరిపి మూడు వారాల ఫొటోలు ఒక పూటలో తీశారు. చొక్కాలు మార్చుకోమంటే మగపిల్లలు ఒకరివొకరు వేసుకుని రెండు రోజులు తిరిగి ఇవ్వలేదు.

పెద్దమాస్టారు చెడ్డవారని రాయడం లేదు. టెక్కలి నుంచి బస్సు మీద వచ్చేవారు, ఒక్క పూట ఆలస్యం చేసేవారు కాదు. పిల్లలంటే ప్రేమే. కానీ పైనుంచి వచ్చే కాగితమంటే ఆయనకి భయం. ఆ భయంలో పాఠం కంటే పాఠం జరిగినట్టు కనబడటం ముఖ్యమైపోయేది. ఇలాంటి మంచివాళ్ల దగ్గరే మీకు ఎక్కువ పని పడుతుంది.

రెండు బద్దలూ ఒక గుండూ

ఒకసారి చుట్టుపక్కల దొరికే వస్తువులతో పాఠం చెప్పమని శిక్షణలో చెప్పారట. మా లెక్కల మాస్టారిది పలాస. పలాసలో పుట్టినవాడికి చుట్టుపక్కల దొరికేది ఇంకేముంటుంది, జీడిపిక్కలు తప్ప. పచ్చి పిక్క తెస్తే తొక్కలోని చమురు తగిలి పిల్లల మూతులు పొక్కిపోతాయని ఆయనకి తెలుసు. తెలివైనవాడు కాబట్టి కాల్చి ఒలిచిన పప్పు ఒక డబ్బాడు తెచ్చారు.

ఒక్కొక్కరికి పన్నెండు పప్పులు లెక్కపెట్టి ఇచ్చారు. "ఇందులోంచి అయిదు తీసేస్తే ఎన్ని?" అన్నారు. ఒకరి దగ్గర నాలుగున్నాయి, ఒకరి దగ్గర రెండు, వెనక బెంచీలో ఏమీ లేవు. తీసివేత ఆయన చెప్పకముందే జరిగిపోయింది.

మాస్టారు నవ్వి, మిగిలిన వాటితో భిన్నాలు మొదలుపెట్టారు. పప్పు రెండు బద్దలుగా విడదీసి చూపించారు. విడిపోని పప్పుని మా వైపు గుండు అంటారు.

"ఇది సగం, ఇది సగం. రెండు సగాలు కలిపితే?"

"ఒకటి," అని అందరూ అన్నారు. ఎనిమిదో తరగతి ఢిల్లేశ్వరి మాత్రం లేచి నిలబడింది. పొడుగు పిల్ల. వాళ్లమ్మ తులసమ్మ రోజూ పలాస వెళ్లి పిక్కలు కొట్టి వస్తుంది.

"అవదు మాస్టారూ. రెండు బద్దలు కలిపితే గుండు అవదు."

"ఎందుకవదు?"

"బద్దల డబ్బా వేరు, గుండ్ల డబ్బా వేరు. బద్దలు ఎన్ని కలిపినా గుండ్ల డబ్బాలో పొయ్యనివ్వరు. కావాలంటే మాయమ్మని అడగండి."

"ఇది లెక్కమ్మా, పిక్కల బేరం కాదు."

"సేతిలో ఉన్నవి పిక్కలే కదా మాస్టారూ."

తరగతంతా నవ్వింది. మాస్టారు ఆ పిల్లని గంటసేపు నిలబెట్టారు. నేను గుమ్మంలో నీళ్ల బిందె పట్టుకుని ఇదంతా చూశాను. కొత్త టీచర్లకి చెబుతున్నాను. ఆ రోజు చుట్టుపక్కల వస్తువు తరగతిలోకి వచ్చింది, దాంతోపాటు చుట్టుపక్కల తెలివి కూడా వచ్చింది. వస్తువుని మాస్టారు రానిచ్చారు, తెలివిని నిలబెట్టారు. శిక్షణలో రెండో దాని గురించి చెప్పలేదేమో.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. అంత గట్టిగా మాట్లాడిన పిల్లకి చదవడం రాదు. వాచకం ఇస్తే పక్కపిల్ల గుసగుసలు విని, ఆ మాట తనది చేసుకుని అప్పజెప్పేది. ఎనిమిదో తరగతి దాకా అలాగే వచ్చేసింది.

తోడు

ఆ ఏడాదే ఇచ్ఛాపురం నుంచి వసంత టీచర్ వచ్చింది. తెలుగు చెబుతుంది, ఇంట్లో ఒడియా మాట్లాడుతుంది, రెండిట్లోనూ వేగం ఎక్కువ. ఆమె శిక్షణ నుంచి వచ్చి నన్ను మేకులు అడగలేదు. మూడు తరగతుల పిల్లల్నీ ఒక్కొక్కరినే పిలిచి నాలుగు వాక్యాలు చదివించింది. ఎవరు ఏ తరగతి అన్నది పక్కనపెట్టి, చదవగలిగినదాన్నిబట్టి గుంపులు చేసింది. రోజూ మధ్యాహ్నం ఒక గంట గుంపుల చదువు.

అక్షరాల గుంపులో ఆరుగురు వచ్చారు. అయిదుగురు ఆరో తరగతి చిన్నపిల్లలు. ఆరో మనిషి ఢిల్లేశ్వరి. ఆ గంట మొదలవగానే ఆమె కుళాయి దగ్గరికొచ్చి నా గిన్నెలు తోమడం మొదలుపెట్టేది.

"నీకు తరగతి లేదేటే?"

"ఉన్నాది. ఆ బుడ్డోల్ల మధ్య నాను కూకోను. తాటి సెట్టులా కనబడతన్నాను."

వసంత టీచర్ నా దగ్గరికొచ్చింది. "పార్వతమ్మా, ఆ పిల్ల సిగ్గుపడుతోంది. పెద్దవాళ్లెవరైనా ఉంటే కూర్చుంటుంది. నువ్వు రా."

"నాకు రాదు కదమ్మా."

"అందుకే రమ్మంటున్నాను."

నాకు అక్షరాలు రావని బడిలో అందరికీ తెలుసు. అన్నేళ్లూ హాజరు పట్టీలు అట్ట రంగు చూసి గదులకి చేర్చేదాన్ని. ఎర్ర అట్ట ఆరు, నీలం ఏడు, పచ్చ ఎనిమిది. ఒక ఏడాది అన్నిటికీ ఒకే రంగు అట్టలొచ్చాయి. ఆ వారం ఆరో తరగతి పిల్లలు ఎనిమిదో తరగతి పేర్లకి వచ్చామంటే వచ్చామని పలికారు. ఎవరి పేరు పిలిచినా పలికితే మాస్టారు తిట్టరు కదా అని వాళ్ల ఉద్దేశం. మూడు రోజుల దాకా ఎవరూ కనిపెట్టలేదు. దాన్నిబట్టి మా బడిలో పేర్లు ఎంత శ్రద్ధగా పిలిచేవారో కూడా మీకు తెలుస్తుంది.

సరే, ఆ పిల్ల కోసం కూర్చున్నాను. యాభై దాటిన మనిషిని, ఆరో తరగతి పిల్లల మధ్య చాప మీద. ఊళ్లో అడిగినవాళ్లకి కూడా అలాగే చెప్పేదాన్ని. "నాకోసం కాదు. ఆ గుంట ఒక్కర్తీ కూకోదు, తోడుకెల్తన్నాను." మరునాటి నుంచి ఢిల్లేశ్వరి వచ్చి నా పక్కనే కూర్చుంది.

రెండు నెలలయ్యాక, ఒకరోజు నాకు ఒళ్లు వెచ్చబడి, చదువు వద్దు, ఇంటికెళ్తానన్నాను. ఢిల్లేశ్వరి నా చెయ్యి పట్టుకుంది.

"ఎల్లకు ఆయమ్మా. నువ్వు సిగ్గుపడతన్నావని, నాను తోడుంటేనే వత్తావని టీచర్ సెప్పింది. నీకోసవే కదా నాను ఈ బుడ్డోల్లతో కూకుంటన్నాను."

నేను వసంత టీచర్ వైపు చూశాను. ఆమె కిటికీలోంచి కొబ్బరి చెట్లు చూస్తోంది.

ఆమె దగ్గర తప్పించుకోలేని నియమం ఒకటి ఉండేది. ఒక్క వాక్యం చదివినా సరే, వెంటనే దాని భావం మన మాటల్లో చెప్పాలి. మన ఊరు, మన ఇల్లు, మన బడి తీసుకుని చెప్పాలి. చెప్పకపోతే చదివినట్టు కాదు. మొదట్లో నాకు చిరాకేసేది. చదవడమే కష్టమైతే మళ్లీ చెప్పడమేమిటని. కానీ ఢిల్లేశ్వరికి అది పండగ. చదివేటప్పుడు చెమటలు పట్టేవి, చెప్పేటప్పుడు ఆ నోటికి అడ్డం ఉండేది కాదు. చెప్పడం మీద ఆశతోనే చదివేది. దసరా సెలవులు దాటేసరికి ఇద్దరికీ మాటలు పట్టుబడ్డాయి. ఆమెకి నాకంటే ముందు.

బయటి మనిషి

సంక్రాంతి దాటాక ఒకరోజు తులసమ్మ బడికొచ్చింది. ఆమె తల్లిదండ్రుల కమిటీలో సభ్యురాలు. వేలికొసలు జీడి చమురుకి నల్లబడి ఉంటాయి కాబట్టి కమిటీ కాగితం మీద వేలిముద్ర వేసేటప్పుడు సిరా అక్కర్లేదని నవ్వేది. ఆ రోజు నవ్వలేదు.

"ఈ పరీచ్చలయ్యేక గుంటని నాతో పిక్కలకి తీసుకెల్తాను వదినా. మేస్త్రీతో సెప్పేసేను."

"ఇప్పుడిప్పుడే సదువుతాంది తులసమ్మా. తొమ్మిదికి పంపు."

"ఎవులు సెప్పేరు సదువుతాందని?"

"టీచర్ సెప్తంది."

"బడోల్లు ఏడేల్లనుంచి పాసు పాసు అని రాసిత్తన్నారు. మందు సీటీ సదవమంటే 'ఇది ఇంగిలీసమ్మా' అంటాది. తెలుగు సీటీ ఇత్తే 'ఇది గొలుసు రాతమ్మా' అంటాది. ఏది ఇచ్చినా దాటేత్తాది. బడోల్ల మాట నాను నమ్మను. బయటోల్లెవులైనా దాన్ని సదివించి, సదువుతాందని సెప్తే అప్పుడు సూద్దాం."

ఆమె మాటలో తప్పేముంది? ఆ ఏడేళ్లలో చివరి రెండేళ్లూ మేమే అబద్ధం రాసిచ్చాం. ఇప్పుడు నిజం చెప్పినా అదే బడి, అదే సంతకం.

సరిగ్గా ఆ వారమే కబురొచ్చింది. చెప్పిన పద్ధతులన్నీ బడుల్లో ఎంతవరకు అమలవుతున్నాయో చూడటానికి శ్రీకాకుళం నుంచి ఒక మేడం వస్తోందని. పాఠం చూస్తుంది, పిల్లల చేత చదివిస్తుంది, కమిటీ సభ్యులతో మాట్లాడుతుంది. అంటే తులసమ్మ అక్కడ ఉంటుంది, బయటి మనిషీ ఉంటుంది. ఢిల్లేశ్వరి బతుకు ఆ పూటకి వచ్చి ఆగింది.

తప్పు జవాబు డ్యూటీ

పెద్దమాస్టారు రిహార్సల్ పెట్టారు. ఉప్పు తయారీ మీద పాఠం ఆయనే చెబుతారు. ఎవరు ఏ ప్రశ్న అడగాలి, ఎవరు ఏ జవాబు చెప్పాలి, అన్నీ పంచారు. చివర్లో ఆయనకొకటి గుర్తొచ్చింది. తప్పు చెప్పిన పిల్లల్ని కోప్పడకూడదు, మెచ్చుకుని సరిదిద్దాలి అని కాగితంలో ఉంది. మరి అందరూ ఒప్పులే చెబితే మెచ్చుకుని సరిదిద్దేది ఎవరిని? అందుకని తప్పు జవాబు చెప్పడానికి ఒకరిని ఎంచారు. హేమ అనే పిల్లని. వాళ్ల మేనమామ నౌపడ ఉప్పు మడుల్లో పనిచేస్తాడు. ఉప్పు గురించి ఆమెకే బాగా తెలుసు, కాబట్టి తప్పు చెప్పినా తడబడదని.

"ఉప్పు ఎలా వస్తుంది అని నేనడుగుతాను. నువ్వు 'చెట్టుకి కాస్తుంది' అను. నేను 'మంచి ప్రయత్నం' అంటాను. అందరూ మూడు చప్పట్లు కొట్టాలి."

ఒప్పు చెప్పినవాళ్లకి చప్పట్లు లేవు. మరునాటికి తరగతిలో సగంమంది తప్పు జవాబు డ్యూటీ కావాలని గొడవ పెట్టారు.

వరండా గోడకి సున్నం వేయించి, పెయింటర్ చేత పెద్ద అక్షరాలతో రాయించారు. 'మా బడిలో అమలు చేస్తున్న మంచి పద్ధతులు' అని పైన, కింద నాలుగు వాక్యాలు.

తరవాత నన్ను పక్కకి పిలిచారు. "పార్వతమ్మా, ఆ ఢిల్లేశ్వరికి రేపు జొరం వస్తే బాగుణ్ణు. కానీ వాళ్లమ్మ కమిటీలో ఉందాయె. ఎలాగోలా ఒక్క పేజీ గట్టిగా పట్టించు. నీ మాట వింటుంది."

ఇక్కడ నా తప్పు రాయాలి. వసంత టీచర్‌కి చెప్పకుండా నేను ఆ పని చేశాను. వాచకంలో కొబ్బరి తోట గురించి ఒక పేజీ ఉంది. దాన్ని ఢిల్లేశ్వరి చేత నలభైసార్లు అప్పజెప్పించాను. ఎక్కడ పేజీ మీద వేలు జరపాలో కూడా నేర్పాను. ఆమె బడిలో ఉండాలన్న తాపత్రయం ఒకటి, నాకు కూడా నాలుగక్షరాలొచ్చాయన్న మిడిసిపాటు ఒకటి.

"ఆయమ్మా, ఇది సదవడం కాదు కదా," అంది.

"నోర్మూసుకుని సెప్పు. రేపు ఒక్కరోజే."

ఇరవై ఏళ్లు పెద్దమాస్టార్లని చూసి నవ్వుకున్నదాన్ని, నాకు అవకాశం రాగానే అచ్చం వాళ్లలాగే చేశాను. కొత్తగా చేరేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. పిల్ల మీద ప్రేమ ఎక్కువై చేసినా నటన నటనే.

మేడం వచ్చిన పూట

అధికారులు జీపులో వస్తారు. జీపు సోంపేట రోడ్డు దిగగానే పక్క ఊరి బడి నుంచి ఫోనొస్తుంది. ఆ పది నిమిషాల్లో మేం బెంచీలు తిప్పుతాం. ఈ మేడం ఆటోలో, కొబ్బరి గెలల పక్కన కూర్చుని వచ్చేసింది. పెద్దమాస్టారు ఆమెకి బొండాం ఇచ్చి, అది చాలదని ఇంకోటి ఇచ్చి కూర్చోబెట్టారు. అవతల నేనూ పిల్లలూ బెంచీలు ఈడ్చాం. ఆ చప్పుడుకి మేడం "పక్కన ఏదైనా కట్టుబడి జరుగుతోందా?" అని అడిగిందట.

ఆమె తరగతిలోకి వచ్చి మామూలుగా, "ఈ రోజు ఎంతమంది రాలేదు?" అంది.

హేమ లేచి, "ఉప్పు సెట్టుకి కాస్తాది మేడం," అంది. తరగతంతా మూడు చప్పట్లు కొట్టింది.

పెద్దమాస్టారు కండువాతో మొహం తుడుచుకున్నారు. మేడం కాగితం మీద ఏదో రాసుకుంది. పాఠం అయ్యాక, చదవడం చూస్తానంది. వెనక ఉన్న పొడుగు పిల్లని రమ్మంది. తులసమ్మ గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. నేను ఆమె వెనక నిలబడ్డాను.

ఢిల్లేశ్వరి వాచకం తీసి కొబ్బరి తోట పేజీ గడగడా అప్పజెప్పింది. ఎక్కడా ఆగలేదు. వేలు కూడా నేను చెప్పినట్టే జరిగింది. నేను గర్వంగా తులసమ్మ వైపు చూశాను. ఆమె లేచి నిలబడింది.

"ఆ గుంట సదవడం నేదు మేడం."

"బాగానే చదివింది కదమ్మా."

"ఇంటికాడ ఏ ముక్క సదివినా మూడుసార్లు ఆగుతాది. ఇంత గడగడా వచ్చిందంటే ఎవులో నేర్పేరు. మమ్మల్ని కూడా పొదుపు సంఘం మీటింగుల్లో ఇలగే నిలబెట్టి సెప్పించేవోరు. నాకు తెల్దేటి."

అని నా వైపు చూసింది. మేడం వాచకం తీసుకుని ఇంకో పేజీ తిప్పి ఇచ్చింది. ఢిల్లేశ్వరి బెదిరిపోయింది. వాన గురించి ఉన్న పేజీ పట్టుకుని మళ్లీ కొబ్బరి తోటే చెప్పడం మొదలుపెట్టింది. రెండు వాక్యాలయ్యాక తనకే తెలిసి ఆగిపోయింది. తులసమ్మ మళ్లీ కూర్చోలేదు. కొంగు బిగించి వెళ్లడానికి సిద్ధపడింది. ఇన్ని నెలల చదువుని నేను ఒక్క రాత్రి పాఠంతో తుడిచేశాను.

వసంత టీచర్ గది వెనక నుంచి ముందుకొచ్చింది. నెమ్మదిగా అంది. "మేడం, ఆ అమ్మాయికి పుస్తకం తీసేసి ఇంకేదైనా చూపించండి."

మేడం పుస్తకం మూసేసింది. "ఇటురామ్మా. ఆ ఎదురుగోడ మీద ఏముంది? తొందర లేదు."

ఢిల్లేశ్వరి గుమ్మంలోంచి వరండా గోడ వైపు తిరిగింది. గొంతు సగమైంది.

"పి...ల్లలు గుం...పులుగా కూర్చొని... చర్చి...స్తారు."

ఆగింది. మేడం బాగుందనబోతోంది. కానీ ఆ పిల్లకి నియమం అలవాటైపోయింది. ఎవరూ అడక్కుండానే భావం చెప్పింది.

"అంటే, ఎవులైనా వచ్చినప్పుడు బెంచీలు తిప్పుతాం. ఎల్లిపోయేక మల్లీ వరసగా ఏసేత్తాం."

పెద్దమాస్టారు దగ్గారు. మేడం చెయ్యి ఎత్తి, "తరవాత?" అంది.

"ప్రతి...రోజూ గ్రంథా...లయ పుస్త...కాలు చదువుతారు. అంటే, పుస్తకాలు బీరువాలో ఉన్నాయి. తాళం ఆయమ్మ బొడ్లో ఉన్నాది."

నా చెయ్యి దానంతట అదే తాళం మీద పడింది.

"తప్పు చెప్పిన పిల్లలను... ప్రో... ప్రోత్... ప్రోత్సహిస్తారు." ఆ మాట దగ్గర చెమట పట్టింది. నాక్కూడా అక్కడే అడ్డుపడింది. "ఈ మాట నాకు తెల్దు. మా మీద ఎప్పుడూ సెయ్యలేదు."

పిల్లలు నవ్వు ఆపుకోలేక బెంచీల కింద ఏదో పడిపోయినట్టు వంగారు. ఢిల్లేశ్వరి నవ్వలేదు. కళ్లు నాలుగో వాక్యం మీదే ఉన్నాయి.

"వెనుక...బడిన పిల్లలకు ప్రత్యే...క బోధన చేస్తారు." కాసేపు ఆలోచించింది. "ఇది నిజవే మేడం. నానూ ఆయమ్మా రోజూ కూకుంటాం. టీచర్ సెప్తాది."

పెద్దమాస్టారు చేతులు కట్టుకుని నేల వైపు చూస్తున్నారు. మేడం కాగితం మీద రాయడం ఆపి ఆయనతో అంది. "నాలుగింట్లో ఒకటి నిజం మాస్టారూ. నేను చూసొచ్చిన బడుల లెక్కలో మీది తక్కువేం కాదు. మిగతా మూడూ ఉంచండి, చెరిపెయ్యకండి. మళ్లీ వచ్చినప్పుడు ఈ అమ్మాయి చేతే చదివిస్తాను." తరవాత తులసమ్మతో, "మీ అమ్మాయి చదువుతోందమ్మా," అంది.

తులసమ్మ బయటి మనిషి మాట కావాలంది కదా. అది వచ్చింది. అయినా ఆమెకి అది చాలలేదు. వెనక్కి తిరిగి నన్ను అడిగింది.

"వదినా, ఇది కూడా నువ్వు నేర్పిందేనా?"

"నేర్పితే ఇలగ సెప్తాదేటి? నా ఉద్యోగం నాకు అక్కర్లేదా."

"గోడ మీద అదే ఉన్నాదా?"

"అదే ఉన్నాది."

"నీకెలగ తెలుసు?"

"నానూ సదివేను తులసమ్మా. దాని కూడా కూకుని నేర్సుకున్నాను కదా. మూడో వరసలో అది ఆగిన కాడే నానూ ఆగేను."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. చెమట పట్టి నిలబడిన కూతుర్ని చూసింది. తరవాత పెద్దమాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆయన ఇంకా నేల వైపే చూస్తున్నారు.

"మాస్టారూ, తొమ్మిదో తరగతి ఏ ఊల్లో ఉంటాది? బస్సు ఎన్నింటికి?"

ఆయన తలెత్తారు. దీనికి రిహార్సల్ లేదు. "సోంపేటమ్మా. ఎనిమిదింటికి మన సెంటర్లో ఆగుతుంది," అన్నారు. ఆ రోజు మొదటిసారి ఎవరూ అడక్కుండానే ఒక నిజం కూడా కలిపారు. "ఒక్కోరోజు రాదు. అలాంటప్పుడు ఆటో ఎక్కించాలి."

"ఎక్కిత్తాను," అంది తులసమ్మ.